నాన్న మళ్లీ అలా అయిపోతారేమోనని భయంగా ఉంది

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఊళ్లో అమ్మతో ఉంటారు. రెండేళ్ల కిందట గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. రెండో రోజు రాత్రి నుంచి మనిషి మారిపోయారు. సెలైన్ పీకేశారు. "బండి టైమైంది, డిపోకి పోవాలి" అంటూ మంచం దిగబోయారు. గోడ మీద చీమలు పాకుతున్నాయన్నారు. నన్ను ఎప్పుడో పోయిన మేనత్త పేరుతో పిలిచారు. అమ్మను చూసి "ఈమెవరు, నా డబ్బులు కాజేయడానికొచ్చింది" అన్నారు. చేతులు మంచానికి కట్టేశారు. ఐదారు రోజులకు మామూలైపోయారు. ఇప్పుడు మోకాలి మార్పిడికి హైదరాబాద్‌లో వచ్చే నెల డేట్ ఇచ్చారు. అమ్మ వద్దే వద్దంటోంది. అన్నయ్య "పాత సంగతి డాక్టర్‌కు చెప్పొద్దు, చెబితే ఆపరేషన్ చేయరు" అంటున్నాడు. నాన్నకు వినికిడి తక్కువ, మిషన్ ఉంది గానీ పెట్టుకోరు. నిద్రకు చాలా ఏళ్లుగా ఆల్ప్రజోలం బిళ్ల వేసుకుంటారు. సాయంత్రం కొద్దిగా మందు అలవాటు కూడా ఉంది. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా? మళ్లీ వస్తుందా? వస్తే మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీ అన్నయ్య మాట తేల్చేద్దాం. పాత సంగతి దాచొద్దు. సర్జన్‌కు చెప్పండి, మత్తు డాక్టర్‌కు ఇంకా ముఖ్యంగా చెప్పండి. ఒకసారి ఇలా అయినవాళ్లకు మళ్లీ అయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఆ ఒక్క ముక్క తెలిస్తే వాళ్లు మందులు వేరేగా ఎంచుకుంటారు, రాత్రిపూట ఓ కన్నేసి ఉంచుతారు. చెప్పినంత మాత్రాన ఆపరేషన్ మానేయరు. మహా అయితే రెండు పరీక్షలు ఎక్కువ రాస్తారు, ఒకసారి ఫిజీషియన్‌కు చూపించుకు రమ్మంటారు. దాస్తే మాత్రం, అర్ధరాత్రి మీ నాన్నగారిని మొదటిసారి చూస్తున్న డ్యూటీ డాక్టర్ ఏమీ తెలియకుండానే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది.

మీ నాన్నగారికి వచ్చింది పిచ్చి కాదు. మీరు రాసినదాన్ని బట్టి మతిమరుపు జబ్బులాగా కూడా లేదు. ఆస్పత్రుల్లో దీన్ని డెలీరియం అంటారు. పాతకాలం వాళ్లు సంధి కొట్టిందనేవారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒంట్లో ఎక్కడో తేడా చేస్తే ఆ దెబ్బ మెదడు మీద పడి, మనిషికి ధ్యాస నిలవదు. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మొదలవుతుంది. పొద్దున బాగుంటారు, సాయంత్రానికి మారిపోతారు, అర్ధరాత్రికి ముదురుతుంది. తెల్లారి రౌండ్స్‌కు పెద్ద డాక్టర్ వచ్చేసరికి "బాగున్నాను సార్" అని నవ్వుతూ చెబుతారు. ఆయన అటు వెళ్లగానే మళ్లీ డిపో, మళ్లీ బండి. మతిమరుపు జబ్బు అలా రాదు. నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, ఏ రోజు మొదలైందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు. మీరు "రెండో రోజు రాత్రి నుంచి" అని కచ్చితంగా రాశారు.

అయితే ఒక మాట. లోపల మతిమరుపు మొదలై ఉండి ఇంట్లో ఎవరూ గమనించనివాళ్లలో, అది ఇలా ఆస్పత్రిలో బయటపడటం కూడా ఉంటుంది. ఈ రెండేళ్లలో నాన్నగారు పెన్షన్ లెక్కలు తనే చూసుకుంటున్నారా? తెలిసిన దారిలో తికమక పడ్డారా? చెప్పిందే చెబుతున్నారా? అమ్మగారిని అడగండి, రోజూ చూసేది ఆవిడే. అలాంటివేమైనా ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పండి.

డెలీరియంలో ఇంకో రకం ఉంది, ఎక్కువగా కన్నుగప్పేది అదే. గొడవ చేయరు, పైపులు పీకరు. ఊరికే పడుకుని ఉంటారు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటారు, ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతారు. "పాపం బాగా అలిసిపోయారు, పడుకోనివ్వండి" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కూ అలాంటి పేషెంట్ అయితే హాయే, బెల్ కొట్టరు కదా. వార్డుల్లో నైట్ డ్యూటీలు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. కిందటిసారి గొడవ రకం వచ్చిందని ఈసారీ అదే రావాలని లేదు. మనిషి మందంగా, మగతగా ఉన్నా పిలిచి చెప్పాల్సిందే.

కారణాలు చాలా ఉంటాయి, తరచుగా రెండు మూడు కలిసే వస్తాయి. మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, షుగర్ మరీ తగ్గడం, ఆక్సిజన్ చాలకపోవడం, తట్టుకోలేని నొప్పి, మూత్రం ఆగి పొత్తికడుపు బిగుసుకోవడం, రోజుల తరబడి మోషన్ కాకపోవడం, కొత్తగా పడిన మందులు, అలవాటైన మందు హఠాత్తుగా ఆగడం, వరసగా నిద్ర లేకపోవడం. 65 దాటినవాళ్లకు, చూపో వినికిడో తగ్గినవాళ్లకు, జ్ఞాపకశక్తి మందగించినవాళ్లకు, తుంటి ఎముక విరిగి వచ్చినవాళ్లకు ఇందులో చిన్నదైనా సరిపోతుంది. కాబట్టి "వయసు కదండీ, మామూలే" అని ఎవరైనా అంటే ఊరుకోకండి. కారణం వెతకమని అడగండి. పెద్దవాళ్లలో న్యుమోనియా ఒక్కోసారి జ్వరం లేకుండా ఇలా మాట తడబడటంతోనే బయటపడుతుంది.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించింది, చివర్లో మీరు మామూలుగా రాసేసిన రెండు సంగతులు: నిద్రకు ఆల్ప్రజోలం, సాయంత్రం మందు. రోజూ తాగే మనిషికి ఆస్పత్రిలో చేరగానే తాగుడు ఆగిపోతుంది. చేతుల వణుకు, చెమటలు, దడ మొదటి రోజే మొదలవ్వచ్చు. అసలు తీవ్రమైన దశ, ఆఖరిసారి తాగిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది. పురుగులు, చీమలు పాకుతున్నట్టు కనిపించడం అందులో తరచుగా చూసేదే. ఏళ్ల తరబడి వేసుకున్న ఆల్ప్రజోలం ఒక్కసారిగా ఆపినా ఇలా అవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. కిందటిసారి రెండో రోజు రాత్రి, గోడ మీద చీమలు. అప్పుడు ఆస్పత్రిలో ఆయన రాత్రి బిళ్ల ఇచ్చారా? తాగుడు సంగతి ఎవరైనా చెప్పారా? ఇదే కారణమని ఉత్తరం చదివి తేల్చడం కుదరదు, మామూలు డెలీరియంలోనూ చీమలు కనిపిస్తాయి. కానీ పాత డిశ్చార్జి సమ్మరీ, కేస్ షీటు కాపీ దొరికితే ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఒకసారి చూడండి, కొత్త డాక్టర్‌కూ చూపించండి.

ఇది తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, దీన్ని బట్టి వైద్యమే తిరగబడుతుంది. మామూలు డెలీరియంలో ఆల్ప్రజోలం, లోరాజెపామ్ రకం మందులు ఇస్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది, అందుకే వాటి జోలికి పోరు. తాగుడు ఆగడం వల్ల వచ్చినదానికైతే ఆ రకం మందులే ఇవ్వాలి, వాటితోపాటు విటమిన్ బి1 కూడా ఎక్కిస్తారు. మీరు దాచిపెడితే డ్యూటీ డాక్టర్ ఏ దారిన పోవాలి? "కొద్దిగా" అని కూడా చెప్పొద్దు. క్వార్టరా, హాఫా, రోజూనా, ఎన్నేళ్లుగా అన్నది లెక్క ప్రకారం చెప్పండి. నాన్నగారి ముందు ఇబ్బందైతే డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో మాట: కల్లు తాగేవాళ్లయితే ఆ సంగతీ చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతుంటే ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటూనే ఉంటారు. "కల్లే కదా" అని ఇంట్లో ఎవరూ చెప్పరు. తీరా మూడో రోజు పేషెంట్ మంచం మీద లేచి కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుంటే బిత్తరపోతారు.

నన్నడిగితే ఆపరేషన్ డేట్ వెనక్కి జరపండి. మోకాలి మార్పిడి అప్పటికప్పుడు చేయించుకోవాల్సింది కాదు. ఒకటి రెండు నెలలు ఆగితే కొంపలేమీ మునగవు. ఆ లోపు ఫిజీషియన్‌కో సైకియాట్రిస్ట్‌కో చూపించి, వాళ్లు చెప్పినట్టు బిళ్ల డోసు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావచ్చు, తాగుడూ వాళ్ల సలహా మీదే తగ్గించవచ్చు. "ఆపరేషన్ ఉంది, ఈ రోజు నుంచి రెండూ బంద్" అని మాత్రం ఇంట్లో ఆర్డర్ వేయకండి. ఆస్పత్రిలో వస్తుందని భయపడుతున్నదాన్ని ఇంటికే పిలిచినట్టవుతుంది. రెండు మోకాళ్లూ ఒకేసారి చేసేస్తామని అంటే నేనైతే ఒకటే చేయించమంటాను. పెద్ద ఆపరేషన్, ఎక్కువ రక్తం పోవడం, ఎక్కువ నొప్పి, ఇవన్నీ ఈయన లాంటివాళ్లకు మంచివి కావు.

మత్తు గురించి కూడా చాలామంది అడుగుతారు. పూర్తి మత్తు వద్దు, వెన్నులో ఇచ్చేది అయితే ఈ గొడవ ఉండదు కదా అని. తుంటి ఆపరేషన్లయిన పెద్దవాళ్ల మీద 2021లో, 2022లో వచ్చిన పెద్ద అధ్యయనాల్లో ఈ రెంటి మధ్య డెలీరియం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి అది మత్తు డాక్టర్‌కు వదిలేయండి. మీరు అడగాల్సింది వేరే ఉంది. లిస్టులో మొదటి కేసుగా పెట్టగలరా? ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా లేకుండా ఉంచి, మధ్యాహ్నం రెండింటికి థియేటర్‌కు తీసుకెళ్తే పెద్దమనిషి అప్పటికే వాడిపోయి ఉంటారు. ఉత్త మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో గంటలతో సహా అడిగి రాసుకోండి.

ఆపరేషన్ ముందు చేసే రక్తపరీక్షల్లో సోడియం ఎంతుందో చూడండి. 135 నుంచి 145 మధ్య ఉండాలి. "ఉప్పు తగ్గింది" అన్న మాట ఈమధ్య పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచుగా వింటున్నదే. బీపీకి వాడే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీళ్ల బిళ్లలతో అలా తగ్గడం ఉంటుంది. మజ్జిగలో ఉప్పు దట్టించి మీరే సరిచేద్దామనుకోకండి. ఎందుకు తగ్గిందో చూసి డాక్టర్లే మెల్లగా పెంచాలి. ఇంట్లో ఉన్న మందులన్నీ, వాడుతున్నవీ మానేసినవీ, స్ట్రిప్పులతో సహా ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. ఆర్‌ఎంపీ పొట్లంలో కట్టిచ్చిన నొప్పి బిళ్లలు, ఆయుర్వేదం, అన్నీ. దురదకో జలుబుకో ఇచ్చే ఎవిల్, ఫెనర్గన్ లాంటి పాతరకం ఎలర్జీ మందులు పెద్దవాళ్ల మెదడును బాగా తికమక పెడతాయి. "కిందటిసారి ఇలా అయింది, ఇవి లేకుండా కుదురుతుందా?" అని ముందే అడిగి ఉంచండి. నొప్పి మందులు మాత్రం వద్దనకండి. ట్రమడాల్ లాంటివి కొందరిని మగతలోకి దించే మాట నిజమే, కానీ నొప్పి ఓర్చుకుంటూ నిద్రలేకుండా పడుకోవడం కూడా అంతే చెరుపు. ఏ మందు, ఎంత అన్నది వాళ్లు చూసుకుంటారు.

వినికిడి మిషన్ గురించి మీరు ఒక్క వాక్యంలో రాశారు. నేనైతే ఈ రోజే మొదలుపెట్టమంటాను. ముందు ఈఎన్‌టీకి చూపించి చెవిలో గులిమి తీయించండి, సగం వినికిడి అక్కడే తిరిగొచ్చినవాళ్లను చూశాను. తర్వాత మిషన్ రోజూ పొద్దున రెండు గంటలు, టీవీ చూసేటప్పుడైనా పెట్టుకునేలా అలవాటు చేయించండి. కొత్త చోట, మాస్కులు కట్టుకున్న మనుషులు చుట్టూ మూగి ఏదో అంటుంటే, పెదాలు కనపడక, మాట వినపడక, కళ్లజోడు బీరువాలో ఉంటే మనబోటివాళ్లకే అయోమయంగా ఉంటుంది. ఆస్పత్రి బ్యాగులో కళ్లజోడు, మిషన్, దాని బ్యాటరీలు, పళ్ల సెట్టు ఉంటే దాని డబ్బా, పెద్ద అంకెల గడియారం, ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్, ఆయన కప్పుకునే దుప్పటి పెట్టండి. కళ్లజోడు, మిషన్ థియేటర్‌కు వెళ్లే చివరి నిమిషం దాకా ఉండనిస్తారేమో అడగండి. బయటికి రాగానే తిరిగి పెట్టండి.

ఒక తెల్లకాగితం మీద ఆయన గురించి పది లైన్లు రాసి మంచం దగ్గర అంటించండి. హైదరాబాద్ ఆస్పత్రుల్లో మలయాళీ సిస్టర్లు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన వార్డు బాయ్‌లు చాలామందే ఉంటారు. బాగా పనిచేసే పిల్లలే, కానీ రాత్రి రెండింటికి వచ్చీరాని తెలుగులోనో హిందీలోనో మాట్లాడితే మీ నాన్నగారికి ఏం అర్థమవుతుంది? కాగితం ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ రాయండి. "తెలుగు మాత్రమే వచ్చు. కుడి చెవి వైపు నుంచి మాట్లాడండి. ఆర్టీసీ డ్రైవర్‌గా చేశారు. 'డ్రైవర్ గారూ' అంటే పలుకుతారు. పొద్దున అయిదింటికి టీ తాగందే మోషన్ అవదు. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కు లేస్తారు. గతంలో డెలీరియం వచ్చింది." ఆ చివరి లైన్ కింద గీత గీయండి. ఏ చెవి, ఏ టీ అన్నది మీకే తెలుసు, నేను ఉదాహరణకు రాశాను.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు చేయాల్సినవి వింటే "ఇంతేనా" అనిపిస్తుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో వృద్ధుల వైద్యురాలు షారన్ ఇనౌయె బృందం, 70 దాటిన 852 మంది పేషెంట్ల మీద చేసిన పరిశోధన 1999లో వచ్చింది. మామూలుగా చూసుకున్నవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ప్రత్యేకంగా చూసుకున్నవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది. ఖరీదైన మందేదీ లేదు. ఇది ఏ రోజో, ఎక్కడున్నారో మాటల్లో గుర్తుచేయడం, త్వరగా లేపి నడిపించడం, కళ్లజోడు, వినికిడి మిషన్, సరిపడా నీళ్లు, నిద్రబిళ్లకు బదులు పడుకునే ముందు వేడివేడిగా తాగడానికేదైనా ఇచ్చి వీపు నిమరడం, రాత్రి చప్పుళ్లు తగ్గించడం. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. ఒకసారి వచ్చేశాక ఈ పనులన్నీ దాని తీవ్రతను పెద్దగా తగ్గించలేకపోయాయి. అంటే రాకముందు చేసిందే లెక్క. అక్కడ వాలంటీర్లు చేసిన పనిని మన దగ్గర చేయగలిగింది "పేషెంట్ తాలూకు" అని పిలిపించుకునే మీరే.

కాబట్టి పగలు కర్టెన్ తీసి వెలుతురు రానివ్వండి, ఫిజియోథెరపిస్ట్ వచ్చి కూర్చోబెట్టమంటే "పాపం నొప్పి" అని అడ్డుపడకండి, పగలంతా కునుకు తీయనివ్వకండి. మూత్రం పైపు ఉంటే "ఇది ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి. మోషన్ ఎప్పుడైందో రాసుకోండి. రాత్రి బీపీ చూడటం, ఇంజెక్షన్ ఇవ్వడం ఒకే విడతలో కానిచ్చేలా సిస్టర్‌ను బతిమాలండి, కొన్నిసార్లు కుదురుతుంది. మొదటి రాత్రి ఐసీయూలో ఉంచుతారా, ఉంచితే సాయంత్రం కాసేపైనా ఒకరిని లోపలికి పంపుతారా అని అడ్మిషన్‌కు ముందే తేల్చుకోండి. అక్కడికెళ్లాక గేటు దగ్గర వాదించి లాభం లేదు.

కనిపెట్టే విషయంలో మీకున్నది డాక్టర్‌కు లేదు. ఆయన ముందు ఎలా ఉండేవారో మీకు తెలుసు. అడ్మిట్ అయ్యే రోజు, తీరుబడిగా ఉన్నప్పుడు, నెలల పేర్లు డిసెంబర్ నుంచి వెనక్కి చెప్పమనండి. నెలలు రాకపోతే వారాల పేర్లు. ఎక్కడిదాకా తడుముకోకుండా చెప్పారో రాసి పెట్టుకోండి. ఆపరేషన్ అయ్యాక రోజుకోసారి, సాయంత్రం పూట, కబుర్లలో కలిపి మళ్లీ అడగండి. డాక్టర్లు వాడే డెలీరియం పరీక్షల్లోనూ ఇలాంటి ప్రశ్న ఉంటుంది, ధ్యాస నిలుస్తోందా లేదా అన్నది అందులో తెలిసిపోతుంది. నిన్న జనవరి దాకా వచ్చిన మనిషి ఇవాళ నవంబర్ దగ్గర ఆగి కిటికీ వైపు చూస్తుంటే, సిస్టర్‌తో "నాన్న ఎలాగో ఉన్నారు" అనకండి. "నిన్న సాయంత్రం దాకా బాగున్నారు, ఇవాళ నాలుగింటి నుంచి మాట నిలవట్లేదు, ఇది ఆయన తీరు కాదు, డెలీరియమేమో చూడండి" అనండి. ఆ మాటకు డాక్టర్ వస్తారు.

ఇంత చేసినా రావచ్చు. వస్తే వాదించకండి. "డిపో ఏంటి నాన్నా, నువ్వు రిటైరై ఎన్నో ఏళ్లయింది" అంటే ఆయన కంగారు పెరుగుతుందే గానీ తగ్గదు. అలాగని "సరే, బండి ఎక్కుదాం పద" అని వంత పాడటమూ మంచిది కాదు. ఎదురుగా, ఆయన కళ్లెత్తులో కూర్చుని, చెయ్యి పట్టుకుని, చిన్న చిన్న మాటల్లో చెప్పండి: "నాన్నా, నేను. మనం హైదరాబాద్ ఆస్పత్రిలో ఉన్నాం. మోకాలి ఆపరేషన్ అయింది. నేనిక్కడే ఉన్నా." చీమలంటే "నాకు కనపడట్లేదు నాన్నా, నీకు కనిపిస్తే భయంగానే ఉంటుంది, లైటు వేస్తానుండు" అనండి. వెనకున్న అవసరం వెతకండి. బండి టైమైందంటూ దిగబోయే మనిషికి ఒక్కోసారి నిజంగా కావాల్సింది బాత్రూమ్. మగతగా ఉన్నప్పుడు నోట్లో ముద్దలు పెట్టకండి, నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చేతులు కట్టడం గురించి. మీకు కోపం ఉందని అర్థమైంది, ఉండాల్సిందే. కట్టేస్తే మనిషి ఇంకా పెనుగులాడతారు, గందరగోళం పెరుగుతుంది. కానీ రాత్రి పూట ఒక్క సిస్టర్ అంతమంది పేషెంట్లను చూసుకుంటూ, ఒకరు గొట్టాలు పీక్కుంటుంటే ఆమెకు చేతికందింది ఆ గుడ్డే. అది తప్పించగలిగేది పక్కన మెలకువగా ఉన్న మనిషి ఒక్కరే. "మేం కూర్చుంటాం, కట్టొద్దు, సెలైన్ అవసరం లేకపోతే తీసేయండి, ఉంటే కట్టు గుడ్డ చుట్టి కనపడకుండా చేయండి" అని అడగండి. తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం అన్నప్పుడు మనిషిని శాంతపరిచే హాలోపెరిడాల్ లాంటి మందు చిన్న డోసులో ఇస్తారు. పార్కిన్‌సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లకు అది పడదు, అలాంటి పేషెంట్ అయితే ఇంట్లోవాళ్లు గట్టిగా గుర్తుచేయాలి.

పరామర్శకు వచ్చే చుట్టాలను మీరే ఆపాలి. ఒక్కొక్కరూ మంచం మీదికి వంగి "బాబాయ్, నేనెవర్ని చెప్పు చూద్దాం?" అని పరీక్ష పెట్టడం, చెప్పలేకపోతే ముఖం ముఖం చూసుకోవడం. ఎందుకొచ్చిన గొడవ? ఇద్దరు చాలు, వాళ్లు కూడా ముందే పేరు చెప్పి మాట్లాడాలి. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకుండా అన్నయ్యకు చెప్పండి. డాక్టర్‌కు చూపించడానికి మాత్రం అర నిమిషం వీడియో పనికొస్తుంది, పగలు రౌండ్స్‌లో మామూలుగా ఉంటారు కాబట్టి. చూపించాక తీసేయండి. ఇంకొకటి, ఆ రోజుల్లో బ్యాంకు కాగితాల మీదా పొలం కాగితాల మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోకండి. ఎంత అర్జెంటని ఎవరన్నా సరే.

అమ్మగారి విషయం. "నా డబ్బులు కాజేయడానికొచ్చింది" అన్న మాట ఆవిడ ఇంకా మోస్తున్నారని నాకు అనుమానం. వద్దే వద్దనడం వెనక అదీ ఉండొచ్చు. అది జబ్బు మాట్లాడిన మాట అని ఒకసారి డాక్టర్ నోటితో చెప్పించండి, మీరు వందసార్లు చెప్పినదానికంటే పనిచేస్తుంది. ఆవిణ్ని పగలు కూర్చోబెట్టండి, రాత్రులు మీరూ అన్నయ్యా వంతులు వేసుకోండి. వరసగా రెండు రాత్రులు ఒకరే మేలుకుంటే మూడో రోజు విసుక్కుంటారు. నాన్నగారిని కూడా అడగండి. మోకాలు ఆయనది. కిందటిసారి జరిగింది ఆయనకు ఎంత గుర్తుందో తెలుసుకోండి. కొందరికి భయంకరమైన కలలా ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది, సిగ్గుతో చెప్పరు. అన్నీ విని కూడా నొప్పి భరిస్తాను గానీ ఆపరేషన్ వద్దంటే, అదీ ఒక నిర్ణయమే.

డెలీరియం వస్తే చాలామందికి కొన్ని రోజుల్లో, వారం రెండు వారాల్లో తగ్గుతుంది. కొందరికి వారాలు, నెలలు కూడా ధ్యాస మందగించి ఉంటుంది. పూర్తిగా తగ్గకముందే ఇంటికి పంపేయడమూ మామూలే. తెలిసిన మంచం, తెలిసిన వంటతో చాలామంది ఇంట్లోనే తేరుకుంటారు. బాత్రూమ్ దారిలో రాత్రి లైటు, పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. ఆస్పత్రిలో రాసిన మగత మందులు ఎన్నాళ్లు వాడాలో చీటీ మీద రాయించుకోండి, లేకపోతే మెడికల్ షాపులో అదే చీటీ చూపించి నెలల తరబడి వాడేస్తుంటారు. ఇంటికొచ్చాక మళ్లీ మాట తడబడినా, మగత ఎక్కువైనా, జ్వరమొచ్చినా, మూత్రం ఆగినా ఆ రోజే తీసుకెళ్లండి. మూడు నెలలు గడిచాక కూడా మునుపటి మనిషి కాలేదనిపిస్తే న్యూరాలజిస్ట్‌కు చూపించండి. మతిమరుపు పరీక్షలు అంతకుముందే చేయిస్తే సరైన జవాబు రాదు.

డిశ్చార్జి సమ్మరీలో ఈసారి డెలీరియం వచ్చిందో లేదో, వస్తే ఎన్నో రోజున వచ్చిందో, ఏ మందు పడిందో ఏది పడలేదో తప్పకుండా రాయించుకోండి. రెండో మోకాలికి వెళ్లినప్పుడు అదే మొదట అడుగుతారు.